తలుపు యూరప్‌ది, తాళంచెవి ఎవరిది?

హేగ్ నగరంలో ఒక అదాలత్ ఉంది. పేరు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు. యుద్ధనేరాలు, నరమేధం లాంటి నేరాలను విచారించడం దాని పని. 120కి పైగా దేశాలు అందులో సభ్యులు. అమెరికా సభ్యదేశం కాదు, ఇజ్రాయెల్ కాదు, మన దేశమూ కాదు. 2024 నవంబర్ 21న ఈ కోర్టు ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహూ పైన, మాజీ రక్షణమంత్రి గాలంట్ పైన అరెస్టు వారంట్లు జారీ చేసింది. అదే రోజు హమాస్ సైనిక నాయకుడు మొహమ్మద్ దైఫ్ పేరుతోనూ వారంటు జారీ అయ్యింది. వాషింగ్టన్‌కు కోపం వచ్చింది. 2025 ఫిబ్రవరి 6న ట్రంప్ ఒక ఫర్మానా జారీ చేశాడు. కోర్టు ప్రాసిక్యూటర్ కరీం ఖాన్ ఆంక్షల జాబితాకెక్కాడు.

మే నెలలో అసోసియేటెడ్ ప్రెస్ ఒక ఖబర్ ఇచ్చింది. కరీం ఖాన్ మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ ఆగిపోయిందట. ఆయన స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రోటాన్ మెయిల్‌కు మారవలసి వచ్చిందట. ఎవరు ఆపారన్న దానిపై పెద్ద బహస్ నడిచింది. కోర్టుకు మా సేవలు ఏ దశలోనూ ఆపలేదని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ అన్నాడు. ఈ బహస్ తేలినా తేలకపోయినా, యూరప్ రాజధానుల్లో, సర్కారీ దఫ్తర్లలో కూర్చున్నవాళ్ళకు ఒక సంగతి బోధపడింది. తమ గడ్డ మీద పనిచేస్తున్న ఒక న్యాయస్థానం ఉత్తర ప్రత్యుత్తరాలకు కూడా సముద్రం అవతల ఒక సంతకం అడ్డుపడవచ్చు. అక్టోబర్ వచ్చేసరికి ఆ కోర్టు మైక్రోసాఫ్ట్ ఆఫీసు సరంజామాను వదిలేసి, జర్మనీలో తయారైన ఓపెన్‌డెస్క్‌కు మారబోతోందని వార్తలు వచ్చాయి.

అదే కోర్టులో నికొలా గియూ అనే ఫ్రెంచి జడ్జి ఉన్నాడు. 2025 ఆగస్టులో ఆయన మీద కూడా అమెరికా ఆంక్షలు పడ్డాయి. ఆ తర్వాత తన బతుకు ఎలా మారిందో ఆయన లె మాండ్ పత్రికకు చెప్పాడు. అమెజాన్, ఎయిర్‌బీఎన్‌బీ, పేపాల్ ఖాతాలు మూతపడ్డాయి. తన సొంత ముల్క్ ఫ్రాన్సులో ఒక హోటల్ గది ఎక్స్‌పీడియాలో బుక్ చేసుకుంటే, కొన్ని గంటల్లోనే అది రద్దయ్యింది. ఆయన ఏ నేరమూ చేయలేదు. ఏ కోర్టూ ఆయనను దోషి అనలేదు. జడ్జిగా తన డ్యూటీ చేశాడు, అంతే. ఫ్రెంచి పౌరుడు, ఫ్రాన్సులో, ఫ్రెంచి హోటల్లో గది తీసుకోవడానికి మధ్యలో ఒక అమెరికా కంపెనీ ఇజాజత్ కావలసి వచ్చింది.

ఇప్పుడు యూరప్‌లో అందరి నోటా వినిపిస్తున్న మాట డిజిటల్ సార్వభౌమత్వం. ఉర్దూలో దీనికి చక్కని మాట ఉంది, ఖుద్‌ముఖ్తారీ. తన పనికి తానే ముఖ్తార్, అంటే తానే అధికారి అని. దానికి ఎదురు మాట మొహతాజీ, ఒకరి దయ మీద ఆధారపడి బతకడం. యూరప్ అమెరికాకు ఎంతగా మొహతాజ్ అయిపోయిందో, అసలు ఈ హాలత్ ఎలా వచ్చిందో ముందు చూద్దాం.

క్లౌడ్ అంటే ఆకాశంలో ఏదో ఉందని కాదు. ఎక్కడో ఒక పెద్ద గోదాము లాంటి భవనంలో వేలాది కంప్యూటర్లు, వాటికి కరెంటు, వాటిని చల్లబరిచే యంత్రాలు. మన ఫైళ్ళు, మన ఖాతాలు, మన ఆస్పత్రి రికార్డులు అక్కడ ఉంటాయి. సొంతంగా సర్వర్లు కొని, గది కట్టి, మనుషుల్ని పెట్టుకుని నడపడం కన్నా, వాడుకున్నంత మేరకు కిరాయి కట్టుకోవడం సులువు. ఇందులో తప్పేమీ లేదు. యూరప్‌లో బ్యాంకులు, యూనివర్శిటీలు, మునిసిపాలిటీలు, మంత్రిత్వశాఖలు అన్నీ ఈ దారే పట్టాయి. దుకాణంలో సరుకు బాగుంది, ధర బాగుంది, కొన్నారు.

కానీ దుకాణాలు మూడే మిగిలాయి. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్. సినర్జీ రీసెర్చ్ సంస్థ లెక్కల ప్రకారం యూరప్ క్లౌడ్ మార్కెట్లో సుమారు 70 శాతం ఈ మూడింటిదే. యూరప్ కంపెనీల వాటా 2017లో 29 శాతం ఉండేది, ఇప్పుడు 15 శాతం దగ్గర ఆగిపోయింది. చిత్రం ఏమిటంటే, ఈ కాలంలో యూరప్ కంపెనీల ఆమ్దనీ కూడా పెరిగింది. వాళ్ళూ ఎదిగారు. కానీ మార్కెట్టు అంతకన్నా చాలా వేగంగా ఎదిగింది, ఆ ఎదుగుదలంతా మూడు కంపెనీల సంచిలో పడింది.

కిరాయి ఇంట్లో ఉండడం గులామీ ఏమీ కాదు. లోకంలో ఎంతోమంది కిరాయేదార్లే. ఇంటి మాలిక్‌తో దోస్తీ ఉన్నంత కాలం అద్దె ఇల్లు, సొంత ఇల్లు ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలిసేది మాలిక్‌తో పేచీ వచ్చిన రోజున. 2025 జనవరిలో గ్రీన్‌లాండ్ విషయంలో సైన్యాన్ని గానీ, ఆర్థిక బలాన్ని గానీ వాడబోనని మాటివ్వగలరా అని విలేకరులు అడిగితే, ఇవ్వలేనన్నాడు ట్రంప్. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగం. డెన్మార్క్ నాటోలో అమెరికాకు మిత్రదేశం. ఆ మాట విన్నాక డెన్మార్క్ అధికారులు తమ దఫ్తర్లలో కంప్యూటర్లు తెరిచినప్పుడు, తెర మీద కనిపించే కంపెనీ పేరు వాళ్ళకు మునుపటిలా కనిపించి ఉంటుందా? ఆ ఏడాది జూన్‌లోనే డెన్మార్క్ డిజిటల్ మంత్రిత్వశాఖ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ నుంచి లిబ్రెఆఫీస్‌కు మారతామని ప్రకటించింది.

ఇక్కడ ఖతరా ఒకటి కాదు, రెండు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. మన సామాను ఎవరో తొంగిచూడడం ఒకటి. మన సామాను మనకే అందకుండా తలుపు మూసేయడం రెండోది.

మొదటిదాని కథ పాతది. 2013లో అమెరికా న్యాయశాఖ ఒక మాదకద్రవ్యాల కేసులో మైక్రోసాఫ్ట్‌ను ఒక ఖాతాదారు ఈమెయిళ్ళు ఇమ్మంది. ఆ ఈమెయిళ్ళు ఐర్లాండ్‌లో డబ్లిన్ సర్వర్లలో ఉన్నాయి. ఐర్లాండ్‌లో ఉన్నవాటికి అమెరికా వారంటు చెల్లదని మైక్రోసాఫ్ట్ కోర్టుకెళ్ళింది. 2016లో అప్పీలు కోర్టులో గెలిచింది కూడా. కేసు సుప్రీంకోర్టు దాకా వచ్చింది. తీర్పు రాకముందే, 2018 మార్చిలో అమెరికా కాంగ్రెస్ ఒక కొత్త ఖానూన్ చేసింది. దాని పేరే క్లౌడ్ చట్టం. డేటా ప్రపంచంలో ఏ మూల ఉన్నా సరే, అది అమెరికా చట్టం కిందికి వచ్చే కంపెనీ చేతిలో ఉంటే, అమెరికా న్యాయస్థానం అడిగినప్పుడు ఇచ్చి తీరాలి. కేసు అక్కడితో ముగిసిపోయింది. కంపెనీ అభ్యంతరం చెప్పుకునే కొన్ని మార్గాలు ఆ చట్టంలోనే ఉన్నాయి. కానీ ఆ అభ్యంతరం వినేది కూడా అమెరికా అదాలతే.

అంటే గోదాము ఎక్కడ ఉంది అన్న ప్రశ్నకు జవాబు మారినా ఫలితం మారదు. గోదాము ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండవచ్చు, డబ్లిన్‌లో ఉండవచ్చు, పారిస్ పొలిమేరలో ఉండవచ్చు. మాలిక్ ఏ ఖానూన్‌కు జవాబుదారో అదే లెక్క. 2025 జూన్ 10న ఫ్రెంచి సెనేట్ కమిటీ ముందు మైక్రోసాఫ్ట్ ఫ్రాన్స్ న్యాయ వ్యవహారాల అధిపతి ఆంటోన్ కార్నియో ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చాడు. ఫ్రెంచి పౌరుల డేటా ఫ్రెంచి ప్రభుత్వం ఒప్పుకోకుండా అమెరికా అధికారుల చేతికి ఎన్నడూ పోదని హామీ ఇవ్వగలరా అని అడిగారు. ఇవ్వలేనన్నాడు. ఇప్పటివరకూ అలా జరగలేదని కూడా చెప్పాడు. ఆయన నిజాయితీని నేను మెచ్చుకుంటాను. అబద్ధమాడి హామీ ఇచ్చే బదులు ఉన్నమాట చెప్పాడు. ఫ్రాన్స్ తన ప్రజల ఆరోగ్య సమాచారాన్ని పోగుచేసే జాతీయ వేదికను 2019 నుంచి ఆ కంపెనీ క్లౌడ్ మీదనే నడిపించిందని గుర్తుంటే, ఆ ఒక్క మాట బరువు తెలుస్తుంది.

ఇదంతా ట్రంప్ వచ్చాక మొదలైందనుకుంటే పొరపాటే. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో అమెరికా నిఘా ఎంత లోతుగా ఉందో లోకానికి తెలిసింది. జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ మొబైల్ ఫోన్ మీద కూడా నిఘా పెట్టారన్న ఆరోపణ ఆ ఏడాదే వచ్చింది. అప్పుడు అమెరికా అధ్యక్షుడు ఒబామా. దోస్తులు ఒకరి ఫోను ఒకరు వినడం కుదరదని మెర్కెల్ వాపోయింది. ఆస్ట్రియాకు చెందిన మాక్స్ ష్రెమ్స్ అనే యువకుడు దావా వేశాడు. 2015లో యూరప్ అత్యున్నత న్యాయస్థానం అమెరికాకు డేటా పంపే సేఫ్ హార్బర్ ఒప్పందాన్ని కొట్టేసింది. పాలకులు పేరు మార్చి ప్రైవసీ షీల్డ్ అని ఇంకొకటి రాసుకున్నారు. 2020లో కోర్టు దాన్నీ కొట్టేసింది. 2023లో మూడో ఒప్పందం వచ్చింది. అందులో యూరప్ ఏ భరోసాల మీద ఆధారపడిందో వాటిలో ఒకటి, అమెరికా గూఢచార సంస్థల పనితీరును చూసే ఒక పర్యవేక్షణ బోర్డు. 2025 జనవరిలో ట్రంప్ ఆ బోర్డులోని ముగ్గురు డెమొక్రాట్ సభ్యులను తీసేశాడు. కోరం లేకుండా పోయింది. అయినా ఆ సెప్టెంబర్‌లో యూరప్ జనరల్ కోర్టు ఒప్పందం చెల్లుతుందంది. సవాలు చేసిన ఫ్రెంచి ఎంపీ పై కోర్టుకు వెళ్ళాడు.

పన్నెండేళ్ళ ఈ కథలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటే. యూరప్ ప్రతిసారీ ఎదుటివాడి నీయత్ మీద, అంటే ఉద్దేశం మీద, కాగితం రాసుకుంది. ఎదుటివాడి తాకత్‌ను, అంటే వాడు చేయగలిగినదాన్ని, తగ్గించే పని చేయలేదు. నీయత్ ఎన్నికలతో మారిపోతుంది. తాకత్ అక్కడే ఉంటుంది, తర్వాత వచ్చినవాడి చేతికి అందుతుంది.

రెండో ఖతరా, తలుపు మూసేయడం. ఇది నిన్నమొన్నటి దాకా ఊహ అనుకున్నారు. 2025 మార్చిలో అమెరికా కొన్నాళ్ళ పాటు ఉక్రెయిన్‌తో నిఘా సమాచారం పంచుకోవడం ఆపేసింది. మాక్సార్ అనే కంపెనీ ఉపగ్రహ ఛాయాచిత్రాలు అమెరికా ప్రభుత్వ పథకం ద్వారా ఉక్రెయిన్‌కు అందేవి. ఆ ఖాతా తాత్కాలికంగా ఆగింది. యుద్ధం నడుమ ఉన్న దేశం అది. దోస్తీ కాస్త చల్లబడగానే కళ్ళకు గంత పడింది.

ఉక్రెయిన్ గురించి చెప్పినప్పుడు ఇన్సాఫ్‌గా రెండో వైపు కూడా చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తే ముందు ఉక్రెయిన్ తన చట్టాన్ని మార్చుకుని, ప్రభుత్వ రికార్డులను విదేశీ క్లౌడ్‌లో పెట్టుకునే వీలు కల్పించింది. భూముల రికార్డులు, పన్నుల ఖాతాలు, విద్యా రికార్డులు అమెజాన్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లకు చేరాయి. కీవ్‌లో సర్వర్ గది మీద క్షిపణి పడినా రికార్డు మిగిలి ఉండేలా చేసింది ఆ కంపెనీలే. అమెరికా క్లౌడ్ నాసిరకం సరుకేమీ కాదు. హ్యాకర్ల నుంచి కాపాడడంలో ఒక చిన్న మునిసిపాలిటీ సొంత సర్వర్ దాని ముందు నిలబడలేదు. యూరప్ వాళ్ళు మూర్ఖులై అక్కడికి వెళ్ళలేదు. సరుకు మంచిది కావడం వేరు, దుకాణం తాళం ఎవరి చేతిలో ఉందన్నది వేరు.

హైదరాబాద్ తారీఖ్ తెలిసినవాళ్ళకు ఈ సంగతి కొత్తగా అనిపించదు. 1798లో నిజాం అలీ ఖాన్ దగ్గర ఫ్రెంచి అధికారుల శిక్షణలో ఒక ఫౌజ్ ఉండేది. దాన్ని పెంచిన రేమండ్ పేరే మన జనం నోట మూసారాం అయ్యింది, మూసారాంబాగ్ అతని పేరు మీదే. ఆ ఏడాది రేమండ్ చనిపోయాడు. కొన్ని నెలలకే నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకుని, ఆ ఫౌజ్‌ను రద్దు చేసి, కంపెనీ ఫౌజ్‌ను కిరాయికి తెచ్చుకున్నాడు. అప్పటి లెక్కలో అది తెలివైన పనే. మరాఠాల నుంచి రక్షణ కావాలి, కంపెనీ సిపాయిలు కవాతులో మేటి. 1800లో ఆ ఫౌజ్ ఖర్చుకింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి ధారాదత్తం అయ్యాయి. వాటినే దత్త మండలాలన్నారు. 1853లో ఫౌజ్ జీతాల బకాయిల పేరిట బేరార్ పోయింది. ఫౌజ్ నిజాం సొమ్ము తిన్నది, హుకుం మాత్రం కంపెనీది. అమెజాన్ ఈస్టిండియా కంపెనీ కాదు, బ్రస్సెల్స్ హైదరాబాద్ దర్బారూ కాదు. కాలం వేరు, ఫిరంగులు లేవు. కానీ పైకం మనం కట్టి, హుకుం ఇంకొకరిది అయిన చోట చివరికి ఏం మిగులుతుందన్న ప్రశ్న మాత్రం పాతబడలేదు.

మరి యూరప్ ఏం చేస్తోంది?

2019లో జర్మనీ, ఫ్రాన్స్ కలిసి గాయా ఎక్స్ అనే పథకం తలపెట్టాయి. యూరప్ సొంత క్లౌడ్ అన్నారు. కొన్నాళ్ళకు అందులో అమెరికా కంపెనీలు కూడా సభ్యులయ్యాయి. ఫ్రాన్స్‌కు చెందిన స్కేల్‌వే 2021లో ఇక మాకెందుకిదంటూ బయటికొచ్చేసింది. సమావేశాలు జరిగాయి, పత్రాలు తయారయ్యాయి, క్లౌడ్ రాలేదు. 2025 నవంబర్‌లో బెర్లిన్‌లో డిజిటల్ సార్వభౌమత్వం మీద మెర్జ్, మాక్రాన్ ఇద్దరూ కూర్చుని మరో శిఖరాగ్ర సమావేశం జరిపారు.

ఇటు అమెరికా కంపెనీలు చురుగ్గా కదిలాయి. సార్వభౌమ క్లౌడ్ మేమే అమ్ముతామన్నాయి. అమెజాన్ జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్‌లో 780 కోట్ల యూరోలతో యూరప్ కోసం వేరే క్లౌడ్ ప్రకటించింది. యూరప్ ఉద్యోగులే నడుపుతారట, యూరప్ చట్టం కింద నమోదైన కంపెనీయే చూసుకుంటుందట. ఎవరైనా ఆపమని ఆదేశిస్తే కోర్టులో పోరాడతామని మైక్రోసాఫ్ట్ మాటిచ్చింది. ఈ మాటలను కొట్టిపారేయను. కానీ పిల్ల కంపెనీ ఎక్కడ నమోదైనా తల్లి కంపెనీ సియాటిల్‌లో ఉన్నప్పుడు, తల్లికి వచ్చిన హుకుం పిల్ల దాకా రాదని ఎవరు చెప్పగలరు?

కొందరు ఇంకో ఉపాయం చెబుతారు. డేటాను తాళం వేసి పంపండి, చెవి మీ దగ్గరే ఉంచుకోండి, ఇక భయమేముంది అని. నిల్వ చేసుకోవడం వరకూ ఇది నిజమే. పాత రికార్డులను ఇలా భద్రంగా దాచుకోవచ్చు. కానీ క్లౌడ్ ఒట్టి గోదాము కాదు, అక్కడే లెక్కలు చేస్తారు, అక్కడే జీతాల బిల్లులు తయారవుతాయి. లెక్క చేయాలంటే మామూలుగా పెట్టె తెరవాలి. పైగా చెవి మన దగ్గరున్నా గోదాము గేటు మూస్తే పెట్టె లోపలే ఉండిపోతుంది. మొదటి ఖతరాకు మందు ఉంది, రెండోదానికి అది మందు కాదు.

నిజంగా పని చేసి చూపించింది పెద్ద సమావేశాలు కాదు. జర్మనీ ఉత్తరాన ష్లెస్విగ్ హోల్‌స్టైన్ అనే చిన్న రాష్ట్రం. అక్కడి ప్రభుత్వంలో ఉద్యోగులు సుమారు 30,000 మంది. 2024లో మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ బదులు లిబ్రెఆఫీస్, ఔట్‌లుక్ బదులు ఓపెన్ ఎక్స్ఛేంజ్, థండర్‌బర్డ్. 2025 అక్టోబర్ నాటికి 40,000కు పైగా మెయిల్ పెట్టెలను మార్చేశారు. ఫ్రాన్స్‌లో లియోన్ నగరం కూడా ఇదే దారి పట్టింది. ఇదేం సులువు కాదు. ఇరవై ఏళ్ళ కిందట మ్యూనిక్ నగరం దాదాపు 15,000 కంప్యూటర్లను లైనక్స్‌కు మార్చి, యూరప్ అంతా మెచ్చుకున్నాక, 2017లో మళ్ళీ విండోస్‌కే తిరిగి వెళ్ళాలని తీర్మానించింది. అలవాట్లు, పాత ఫైళ్ళు, ఉద్యోగుల చిరాకు, మేయర్ మారడం, అన్నీ కలిసి వెనక్కి లాగాయి. ఖుద్‌ముఖ్తారీ అనేది తీర్మానంతో రాదు. రోజూ కొంత తకలీఫ్ భరిస్తేనే నిలుస్తుంది.

ఇంతవరకూ యూరప్ గిలా న్యాయమైనదే. ఇక అద్దం రెండో వైపు కూడా తిప్పాలి.

2025 జులై 18న యూరోపియన్ యూనియన్ రష్యా మీద కొత్త ఆంక్షలు ప్రకటించింది. ఆ జాబితాలో గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీ పేరు కూడా ఉంది. రష్యాకు చెందిన రోస్‌నెఫ్ట్‌కు అందులో 49.13 శాతం వాటా ఉంది. కొద్ది రోజుల్లోనే నయారా ఉద్యోగుల ఈమెయిళ్ళు, ఇతర మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. భారత ప్రభుత్వం ఆంక్షలు పెట్టలేదు. అమెరికా కూడా ఆ కంపెనీపై పెట్టలేదు. ఫర్మానా బ్రస్సెల్స్‌ది, కంపెనీ అమెరికాది, చీకటి పడింది గుజరాత్‌లో. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. తర్వాత సేవలు తిరిగొచ్చాయి. హేగ్ ప్రాసిక్యూటర్ ఈమెయిల్ గురించి యూరప్ ఆందోళన పడిన రెండు నెలలకే జరిగిన ముచ్చట ఇది. తన మెడ మీద ఏ కత్తి వేలాడుతోందని భయపడిందో, అదే కత్తి తన హుకుంతో ఇంకొకరి మెడ మీద వాలింది. దాని మీద బ్రస్సెల్స్‌లో సార్వభౌమత్వం చర్చ ఏదీ నేను వినలేదు.

ఇంకొకటి. 2025 ఆగస్టులో గార్డియన్ పత్రిక, 972 మ్యాగజైన్, లోకల్ కాల్ కలిసి ఒక పరిశోధన ప్రచురించాయి. గాజా, వెస్ట్ బ్యాంక్ పాలస్తీనీయుల ఫోన్ కాల్స్‌ను ఇజ్రాయెల్ సైనిక గూఢచార విభాగం యూనిట్ 8200 పెద్ద ఎత్తున రికార్డు చేసి మైక్రోసాఫ్ట్ అజూర్ క్లౌడ్‌లో దాచిందని, అందులో చాలా భాగం నెదర్లాండ్స్‌లోని డేటా సెంటర్లో ఉందని అందులో రాశారు. సెప్టెంబర్ 25న మైక్రోసాఫ్ట్ ఆ కథనంలోని కొన్ని అంశాలకు, నెదర్లాండ్స్‌లో నిల్వ సంగతితో సహా, తనకు ఆధారాలు దొరికాయని ఒప్పుకుని, ఆ విభాగానికి కొన్ని సేవలు ఆపేసింది.

ఒక్కసారి నఖ్షా తీసి చూడండి. హేగ్ ఉన్నది నెదర్లాండ్స్‌లోనే. గాజా నేరాల మీద విచారణ జరిపే కోర్టు ఏ దేశంలో ఉందో, గాజాలో ఒక తల్లి కొడుకుతో మాట్లాడిన ఫోన్ కాల్ కూడా అదే దేశంలో, సైన్యం కోసం దాచి ఉండేది. డచ్చి గడ్డ, డచ్చి కరెంటు, యూరప్ గోప్యతా చట్టం. ఆ తల్లికి వాటిలో ఏదీ పనికిరాలేదు. ఎవరో విలేకరులు తవ్వి తీసేదాకా డచ్చి ప్రజలకు తమ గడ్డ మీద ఏం దాచి ఉందో తెలియలేదు. యూరప్ తన పౌరుల డేటా అమెరికా చూస్తుందని బాధపడుతున్న రోజుల్లో, తన నేల మీద ఇంకొకరి బతుకులు ఇలా నిల్వ ఉన్నాయి.

అందుకే మాలిక్ జెండా మారితే చాలన్న వాదన నాకు సగమే నచ్చుతుంది. అమెరికా కంపెనీ బదులు ఫ్రెంచి కంపెనీ, జర్మన్ కంపెనీ వస్తే పారిస్‌కు, బెర్లిన్‌కు ధైర్యం. వాడినార్‌కు ఏం ధైర్యం? గాజాకు ఏం ధైర్యం? ఉర్దూలో అమానత్ అనే మాట ఉంది. ఒకరు నమ్మి మన దగ్గర పెట్టిన సొమ్ము అమానత్. దాన్ని మన సొంతానికి వాడుకోవడం, ఇంకొకరి చేతిలో పెట్టడం ఖియానత్, నమ్మకద్రోహం. డేటా అమానత్ అని ఒప్పుకుంటే, దాచినవాడి జాతీయత ఏదైనా షరతులు ఒకటే. అడిగినప్పుడు తిరిగివ్వాలి. సొంతదారుకు తెలియకుండా మూడోవాడికి ఇవ్వకూడదు. పేచీ వచ్చిన రోజున కూడా ఇవ్వాలి.

ఈ షరతులను ఖానూన్‌గా మార్చే పనిలో యూరప్ ఒక మంచి అడుగు వేసిందని కూడా చెప్పాలి. డేటా చట్టం 2025 సెప్టెంబర్ 12 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక క్లౌడ్ నుంచి ఇంకో క్లౌడ్‌కు సామాను తరలించుకునే హఖ్ అది ఇస్తుంది. ఇంట్లోకి రావడానికి ఒక్క పైసా అక్కర్లేదు, సామాను బయటికి తీసుకెళ్ళాలంటే మాత్రం పైకం కట్టు అన్నట్టు ఉండేది ఇన్నాళ్ళూ దస్తూర్. 2027 జనవరి 12 నుంచి ఆ తరలింపు రుసుము వసూలు చేయడానికి వీల్లేదు. బెర్లిన్ సమావేశాల కన్నా ఈ ఒక్క నిబంధనే ఎక్కువ మేలు చేస్తుందని నా ఖయాల్. వెళ్ళిపోయే హఖ్ ఉన్న కిరాయేదారుతో మాలిక్ మర్యాదగా మాట్లాడతాడు.

ఈ గొడవ మనకు దూరపు ముచ్చట కాదు. అమెజాన్ క్లౌడ్ 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లో నడుస్తోంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ఈ క్లౌడ్‌లను నడిపే ఇంజనీర్లలో మన తెలుగు పిల్లలు ఎంతమందో మనందరికీ తెలుసు. పెట్టుబడులు రావాలి, కొలువులు రావాలి, సంతోషమే. కానీ గోదాము మన ఊళ్ళో కట్టారు కాబట్టి సామాను మన చేతిలో ఉన్నట్టేనని ఎవరైనా అంటే, డబ్లిన్ వైపు, ఫ్రాంక్‌ఫర్ట్ వైపు చూపించండి. భూమి వాళ్ళదే, కరెంటు వాళ్ళదే, నీళ్ళు వాళ్ళవే. ఇవాళ గొడవ పడుతున్నది వాళ్ళే. కేంద్రం తన ఉద్యోగుల ఈమెయిళ్ళు సుమారు 12 లక్షలు జోహోకు మార్చింది. దేశీ కంపెనీ కావడం మంచిదే. అయితే అక్కడ కూడా పై షరతులే అడగాలి.

కాబట్టి ఏ సర్కారీ దఫ్తర్ అయినా, ఆస్పత్రి అయినా, యూనివర్శిటీ అయినా క్లౌడ్ కాంట్రాక్టు మీద దస్తఖత్ చేసేముందు మూడు సవాళ్ళకు జవాబు రాయించుకోవాలి. ఈ కంపెనీకి హుకుం ఇవ్వగల అదాలత్‌లు ఏ ఏ దేశాలవి? మన రికార్డుల మరో నకలు, ఇంకొకరి చేతిలో, పనిచేసే స్థితిలో ఉందా? రేపు ఉదయం తలుపు మూస్తే ఎన్ని రోజుల్లో మళ్ళీ పని మొదలుపెట్టగలం? మూడోదానికి జవాబు కాగితం మీద కాదు, ఏడాదికోసారి నిజంగా తలుపు మూసి చూసుకుని చెప్పాలి. దుష్మనీ అక్కర్లేదు, ఒక్క చిన్న లోపం చాలు. 2025 అక్టోబర్ 20న వర్జీనియాలో అమెజాన్ క్లౌడ్‌కు ఒక సాంకేతిక లోపం వచ్చింది. ఎవరి నీయత్‌లోనూ ఖరాబీ లేదు. బ్రిటన్‌లో లాయిడ్స్ బ్యాంకు ఖాతాదారులు, పన్నుల శాఖ వెబ్‌సైట్ వాడేవాళ్ళు ఇబ్బంది పడ్డారు.

యూరప్ దగ్గర డబ్బుంది, చదువుంది, చట్టం ఉంది, 45 కోట్ల జనం ఉన్న మార్కెట్టు ఉంది. అలాంటి యూరప్‌కే పదిహేను శాతం దగ్గరి నుంచి పైకి రావడం ఇంత కష్టంగా ఉంది. మన దగ్గర మొదటి ఇటుకలు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి. షరతులు రాయించుకోవడానికి ఇదే సమయం. కిరాయి కట్టడం మొదలయ్యాక మాలిక్ వినడు.